సిరా పడిన తెర

పారిస్‌లో మోంమార్త్ర్ గుట్ట మీదికి తోలోజే అని ఓ ఇరుకు వీధి నిటారుగా ఎక్కుతుంది. కొసన పాత గాలిమర కనిపిస్తుంది. ఆ వీధిలో పదో నంబరు ఒక సినిమాహాలు. నేటికీ ఒకటే తెర. పేరు స్టూడియో 28. పుట్టిన ఏడాదినే పేరుగా పెట్టుకుంది: 1928.

అలాంటి హాళ్ల అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ రోజుల్లో ఆడేసిన సినిమాను మళ్లీ చూసే దారే లేదు. నాటకాన్ని మళ్లీ వేసినట్టే మంచి సినిమానూ మళ్లీ ఆడించాలని జాఁ తెదెస్కో 1924లో వ్యూ కొలంబియే హాల్లో మొదలుపెట్టాడు. 1926లో ఉర్సులీన్ హాలు వచ్చింది. ఆ వరుసలో మూడో ధైర్యం స్టూడియో 28 యజమాని జాఁ మోక్లేర్‌ది. దర్శకుడు అబెల్ గాన్స్ చేసిన మూడు తెరల ప్రయోగాలతోనే మోక్లేర్ హాలు తలుపులు తెరిచాడు. పేటలో హాలు పెట్టి, పేటవాళ్లు ఎన్నడూ చూడనివి చూపించాలనుకున్నాడు!

లూయీ బున్యుయేల్, సాల్వదోర్ దాలీ కలిసి తీసిన పావుగంట సినిమా 'ఆండలూసియా కుక్క' ఇక్కడ నెలల తరబడి ఆడింది. ఆ ఊపులోనే మోక్లేర్ 1930 చివర్లో బున్యుయేల్ 'స్వర్ణయుగం' వేశాడు. మతాన్నీ, పెద్దమనుషుల మర్యాదలనూ సూటిగా నిలదీసిన సినిమా అది. డిసెంబరు 3 రాత్రి ఆట నడుస్తుండగా మితవాద సంఘాలవాళ్లు లేచారు. తెర మీద సిరా చల్లారు. పొగబాంబులు వేశారు. కుర్చీలు విరగ్గొట్టారు. బయట వసారాలో దాలీ, మిరో, మాక్స్ ఎర్న్‌స్ట్, తంగీల చిత్రాలు వేలాడదీసి ఉంటే వాటినీ చీల్చేశారు. ఆ బొమ్మల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మరో వారానికల్లా పోలీసు అధిపతి జాఁ కియాప్ సినిమాను నిషేధించాడు. అల్లరి చేసింది ఒకరు, శిక్ష పడింది సినిమాకు. ఆ తీరు మనకూ కొత్తది కాదు.

మోక్లేర్ కోలుకోలేదు. మనకు తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిన 1932లోనే అతను హాలు అమ్మేశాడు. కొన్నవాళ్లు అమెరికా హాస్యచిత్రాలతో నెట్టుకొచ్చారు. దాన్ని నేను తప్పుపట్టను. తలుపులు మూతపడకుండా చూడటమూ సేవే. 1948లో రూలో కుటుంబం చేతికి వచ్చాక హాలుకు పాత ప్రాణం లేచొచ్చింది. కవి, దర్శకుడు జాఁ కోక్తో దానికి పెద్దదిక్కయ్యాడు. గోడలకు దీపాలు తానే రూపకల్పన చేసిచ్చాడు. 2001లో వచ్చిన 'అమెలీ' సినిమా చూసినవాళ్లకు ఈ హాలు ముందే పరిచయం. చీకట్లో వెనక్కి తిరిగి తోటి ప్రేక్షకుల ముఖాలు చూసి అందులోని కథానాయిక మురిసిపోయేది ఇక్కడే.

'స్వర్ణయుగం' మాత్రం ఫ్రాన్సులో మళ్లీ బహిరంగంగా విడుదలయ్యేసరికి 1981 వచ్చింది.