ద్రోణపర్వం నుంచి వెండితెర దాకా: నెల్లూరు సీమలో ఘటోత్కచుడు

జనానికి ఇదివరకే తెలిసిన వీరుడి పేరును, అతని ప్రధాన లక్షణాలను అట్టేపెట్టి, వెనుకటి కథల కొనసాగింపుతో నిమిత్తం లేకుండా అతని చరిత్రను కొత్త తరానికి మొదటి నుంచి చెప్పడాన్ని సినిమా పరిభాషలో రీబూట్ అంటారు. 1938లో అమెరికాలో ఒక కామిక్ పుస్తకంలో పుట్టిన సూపర్‌మ్యాన్‌ను 2013లో జాక్ స్నైడర్, 2025లో జేమ్స్ గన్ ఈ విధంగానే మలిచారు కాబట్టి, ఇది హాలీవుడ్ కనిపెట్టిన పద్ధతి అన్న భావన బలపడింది. తెలుగు నేలలో మాత్రం పురాణ వీరులను ప్రతి కొత్త కళామాధ్యమమూ తనకు తగినట్టు తిరగరాసుకోవడం శతాబ్దాల ఆచారం. ఆ ఆచారానికి ఘటోత్కచుడు చక్కని ఉదాహరణ. అతని కథ తెలుగులో నడిచిన దారి మొదట ఒకసారి, ఇటీవలి కాలంలో మరొకసారి నెల్లూరు సీమతో ముడిపడింది.

పదమూడవ శతాబ్దంలో నెల్లూరును ఏలిన తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రిగా, కవిగా వెలిగిన తిక్కన సోమయాజి, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల మహాభారతాన్ని తెనిగించి హరిహరనాథునికి అంకితమిచ్చాడు. భీముడికి, హిడింబకు ఘటోత్కచుడు పుట్టడం ఆదిపర్వ కథ కాగా, అతని మరణం ద్రోణపర్వంలో ఉంది. అందువల్ల ఆ రాక్షసవీరుడి చివరి ఘట్టం తెలుగు పద్యంగా రూపు కట్టింది పెన్న ఒడ్డున వెలసిన నెల్లూరు కవి చేతిలోనే.

ఆ ఘట్టంలో కనిపించే బలం స్వభావం గమనించదగినది. కురుక్షేత్రంలో పద్నాలుగో నాటి పోరు పొద్దు గుంకినా ఆగక రాత్రికి సాగినప్పుడు, చీకటి వేళ రాక్షసుల బలం ఇబ్బడిస్తుందని తెలిసిన కృష్ణుడు ఘటోత్కచుడిని కర్ణుడి మీదికి పంపుతాడు. అతని మాయాయుద్ధానికి కౌరవసేన తాళలేకపోవడంతో, ఇంద్రుడు ఇచ్చినదీ, ఒక్కసారి మాత్రమే ప్రయోగించదగినదీ అయిన శక్తి అనే ఆయుధాన్ని, అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని, కర్ణుడు అతనిపై వినియోగించవలసి వస్తుంది. చనిపోతూ కూడా తన శరీరాన్ని కొండంతగా పెంచి, శత్రుసేన మీద కూలి, దానిలో ఒక పెద్ద భాగాన్ని నేలమట్టం చేసిన ఆ వీరుడి కోసం పాండవులు శోకిస్తే, అర్జునుడికి ప్రాణగండం తప్పిందని కృష్ణుడు సంతోషిస్తాడు. ఇతిహాసం దృష్టిలో ఘటోత్కచుడి బలం మరొకరి ప్రాణరక్షణకై వ్యయమైపోయే బలం. అతనికంటూ ఒక కోరిక గానీ, విజయం గానీ, ముచ్చట గానీ ఆ కథ మిగల్చలేదు.

పండితుల చేతిలోని గ్రంథాన్ని చదువు రాని జనం దగ్గరికి చేర్చిన కళల్లో తోలుబొమ్మలాట ముఖ్యమైనది. ఆంధ్రదేశంలో అది నిలిచిన ప్రాంతాలలో నెల్లూరు జిల్లా ఒకటి. మేక మొదలైన జంతువుల తోలును వెంట్రుకలు పోయేలా శుభ్రపరిచి, వెలుగు సాగేంత పలచగా చేసి, రెండు వైపులా రంగులు అద్ది, నగలూ వస్త్రపు అంచులూ మెరిసే చోట చిన్న ఉలులతో రంధ్రాలు పొడిచి బొమ్మలు తయారు చేసేవారు. తెల్లని బట్టతో కట్టిన తెర వెనుక దీపాలు వెలిగించి ఆ బొమ్మలను ఆడించినప్పుడు తెరపై పడేది నల్లని నీడ కాదు, రంగుల రూపం. ఒకే పాత్రకు సన్నివేశాన్ని బట్టి వేర్వేరు బొమ్మలు వాడడం వల్ల, కథలో రూపం మారడాన్ని, ఆకారం పెరగడాన్ని ప్రేక్షకుడు కళ్లారా చూడగలిగేవాడు. మహాబలుల మాయలను తెర మీద చూడడం అనే అలవాటు తెలుగువారికి సినిమా కంటే ఎంతో ముందే అబ్బిందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

తోలుబొమ్మల నుంచి రంగస్థలానికి సాగిన మార్పులో సురభి కుటుంబాల పాత్ర గొప్పది. మరాఠీ మూలాలున్న ఆ బొమ్మలాట కళాకారులు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకం ఆడి, బొమ్మల స్థానంలో మనుషులను నిలబెట్టారు. వారి ప్రదర్శనల్లో మాయాబజార్ ఎంతో పేరు పొందింది. అభిమన్యుడు ప్రేమించిన శశిరేఖ, ఆమెను లక్ష్మణకుమారుడికి ఇవ్వజూపే బలరాముడు, ఆ పెళ్లిని తన మాయతో తప్పించే ఘటోత్కచుడు ప్రధానంగా ఉన్న ఈ కథ వ్యాసభారతంలో గానీ, కవిత్రయ భారతంలో గానీ లేదు; ఇది జనం కల్పించుకుని, జనమే పెంచుకున్న కథ. యుద్ధంలో సమిధ అయిన వీరుడికి జానపద కల్పన ఒక పెళ్లి పందిరిని కానుకగా ఇచ్చింది. రీబూట్ అన్న మాటకు అసలైన అర్థం ఈ మలుపులోనే ఉంది, ఎందుకంటే మారినది వేషం కాదు, బలానికి ఉన్న ప్రయోజనం.

ఈ కథను 1936లో పి.వి. దాస్ దర్శకత్వంలో వేల్ పిక్చర్స్ తెరకెక్కించగా, 1957లో విజయా సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వంలో తీసిన మాయాబజార్ దాన్ని శాశ్వతం చేసింది. ఆ చిత్రానికి దర్శకత్వ శాఖలో సహాయకుడిగా పనిచేసిన యువకుడు, 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు. పాండవులు ఒక్కసారైనా తెరపై కనిపించని విధంగా అల్లిన ఆ కథనంలో వారి పక్షాన నిలిచే భుజబలం పూర్తిగా ఘటోత్కచుడిదే కావడంతో, ఇతిహాసంలో సహాయ పాత్రగా ఉన్నవాడు ఇక్కడ కథకు ఇరుసు అయ్యాడు. ఎస్.వి. రంగారావు విగ్రహం, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం కలిసి ఆ పాత్రకు భయం కలిగించని భారీతనాన్ని ఇచ్చాయి. అతను పెళ్లివారి వంటకాలను ఆరగించే సన్నివేశం పిల్లలకు ఈనాటికీ కంఠోపాఠం.

ఆ చిత్రంలో అత్యంత సాహసోపేతమైన భాగం మాయాశశిరేఖది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు ఆ ఇద్దరి స్వభావాలనూ సావిత్రి ఒక్కరే పోషించవలసి వచ్చింది. చీరకట్టులో ఉన్న సుకుమారి నడకలో ఉన్నట్టుండి రాక్షసుడి దర్పం తొంగిచూడడం, వెంటనే అది సిగ్గులోకి ఒదిగిపోవడం, పీటల మీద పెళ్లికొడుకును బెదరగొట్టి మళ్లీ ఏమీ ఎరగనట్టు తల వంచుకోవడం వంటి క్షణాలకు యంత్రాల సాయం కన్నా నటి శరీరంపై ఉన్న అదుపే ఆధారం. అతీతశక్తిని చూపడానికి తెరపై ఆకారం పెరగవలసిన అవసరం లేదని ఆ నటన నిరూపించింది.

తరువాతి దశాబ్దాల్లో ప్రయోగాలు రెండు దారుల్లో నడిచాయి. విదేశీ వీరుడిని తెలుగు చేయడం మొదటి దారి; 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన సూపర్‌మ్యాన్ ఈ కోవలోది, అందులో కథానాయకుడి బలం పరాయి గ్రహం నుంచి కాక ఆంజనేయుడి అనుగ్రహం నుంచి వస్తుంది. పురాణ వీరుడిని వర్తమానంలోకి తేవడం రెండవ దారి, 1995లో ఎస్.వి. కృష్ణారెడ్డి తీసిన ఘటోత్కచుడు, కైకాల సత్యనారాయణ పోషించిన ఆ మహాబలుడిని ఈ కాలంలో ఒక చిన్నపిల్లకు అండగా నిలిపింది. 2008లో సింగీతం శ్రీనివాసరావు స్వయంగా ఘటోత్కచుడి బాల్యాన్ని యానిమేషన్ చిత్రంగా, అంటే గీసిన బొమ్మలకు కదలిక కల్పించే పద్ధతిలో, రూపొందించారు. 1957 నాటి చిత్రానికి సహాయకుడిగా ఉన్న వ్యక్తి అర్ధ శతాబ్దం తరువాత అదే వీరుడిని మళ్లీ పసివాడిగా పుట్టించడం తెలుగు సినిమా చరిత్రలో అరుదైన విషయం. మాయాబజార్‌కు రంగులు అద్ది 2010లో తిరిగి విడుదల చేసినప్పుడు కొత్త తరం థియేటర్లకు రావడం ఆ పాత్ర జీవశక్తికి మరో నిదర్శనం.

అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన సూళ్లూరుపేటలో, మద్రాసు వెళ్లే జాతీయ రహదారి పక్కన, 2019లో సాహో విడుదలతో ప్రారంభమైన వి ఎపిక్ థియేటర్‌లో సుమారు 100 అడుగుల వెడల్పున్న తెర ఏర్పాటైంది. ఇటువంటి తెరలను దృష్టిలో పెట్టుకుని తీసే చిత్రాలు ఇప్పుడు పురాణాలవైపే మళ్లుతున్నాయి. 2024లో వచ్చిన హనుమాన్ సముద్రతీరపు కల్పిత గ్రామంలోని సామాన్య యువకుడికి ఆంజనేయుడి బలాన్ని ఇస్తే, అదే ఏడాది వచ్చిన కల్కి 2898 ఏడీ అశ్వత్థామను భవిష్యత్తులోకి తీసుకెళ్లింది. ఆ రెండవ చిత్రానికి సింగీతం మార్గదర్శిగా ఉంటారని నిర్మాణ సంస్థ ముందే ప్రకటించింది.

ఈ సుదీర్ఘ చరిత్ర నేటి దర్శకులకు స్పష్టమైన పాఠం చెబుతోంది. తోలు, తెరబట్ట, కెమెరా, కంప్యూటర్ ఒకదాని వెంట ఒకటి వచ్చి వీరుడి ఆకారాన్ని మార్చగలిగాయే తప్ప, వాటిలో ఏదీ తనంతట తానుగా అతన్ని బతికించలేదు. తిక్కన ఘటోత్కచుడు తండ్రుల గెలుపు కోసం ప్రాణం ఇచ్చాడు, విజయావారి ఘటోత్కచుడు తమ్ముడి పెళ్లి కోసం మాయ చేశాడు, తొంభైల నాటి ఘటోత్కచుడు ఒక పసిపిల్లను కాచాడు. ప్రతి తరమూ బలవంతుడి బలం ఎవరికి అక్కరకు రావాలన్న ప్రశ్నను కొత్తగా వేసుకుని, తనదైన జవాబు చెప్పింది. తెర ఎంత పెద్దదైనా, ఆ ప్రశ్న వేయని పునర్నిర్మాణం వేషధారణగానే మిగులుతుంది. వేసినదే తరువాతి తరానికి వారసత్వంగా అందుతుంది.