కరువుకు కట్టిన కట్టలు

చెరువులు పూడిపోయి, వాటి గర్భంలోని శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాకే వానలు ముఖం చాటేశాయన్న మాట జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్లలో ఉంది. చెరువులు చిక్కిపోవడం నిజం, కరువు ముదరడమూ నిజం. కానీ తగ్గింది వాన కాదు, వాన నిలిచే తావు. ఇక్కడి చెరువుల పుట్టుకే అందుకు సాక్ష్యం. బయ్యారం చెరువును తవ్వించింది కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్య ఆధారం. గణపురం చెరువూ గణపతిదేవుని కాలం నాటిదే. చెరువు కట్టినవాళ్లకు దశబంధ మాన్యాలిచ్చిన రోజులవి. వాన వేళకు కురిసి, వేళకు ఆగే నేలైతే అంత ధనం, అంత చాకిరీ ఎవరు పెడతారు? వాన అప్పుడూ నమ్మరానిదే. అందుకే ఒక చెరువు మత్తడి దుంకితే కిందిది నిండేలా గొలుసుకట్టుగా కట్టుకున్నారు.

చెరువు నీరు ఆవిరై మబ్బు కట్టదా అని అడగవచ్చు. ఆవిరవుతుంది, చుట్టూ గాలి కాస్త చల్లబడుతుంది. అయితే మనకు ఏడాది వానలో ఎక్కువ పాలు తెచ్చే నైరుతి రుతుపవనాల తేమ సముద్రాల మీది నుంచి వస్తుంది; ఊరి చెరువు ఆవిరి దాని ముందు ఏపాటి? వేల చదరపు కిలోమీటర్ల అరల్ సముద్రం ఎండినప్పుడు చుట్టుపక్కల ఎండలు, చలి ముదిరిన మాట వాస్తవమే, కానీ ఆ విస్తీర్ణం వేరు. ఆఫ్రికాలోని చాద్ సరస్సు సంగతైతే తిరగబడింది: 1970, 80 దశకాల్లో ముందు వానలు తప్పాయి, ఆ తర్వాత సరస్సు కుంచించుకుపోయింది. మన దగ్గరే చూడండి. 2023 జులై చివరి వారంలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 61 సెంటీమీటర్లకు పైగా కురిసింది, మోరంచపల్లి మునిగింది. ఒక్క కుంభవృష్టి ఏళ్ల సగటును చెప్పదు, నిజమే. మబ్బు చెరువును చూసి రాదని మాత్రం చెబుతుంది.

మరి చెరువు తగ్గితే నష్టమేమిటి? పెద్ద నది పారని జనగామ మెట్టలో అది బాగా కనబడుతుంది. కింద రాతినేల, నీరు దాగేది పైన శిథిలమైన పొరలోనూ పగుళ్లలోనూ మాత్రమే. చెరువులో నాలుగు నెలలు నిలిచిన నీరే ఆ పగుళ్లలోకి ఇంకి బావులకు ఊటవుతుంది. పూడిక నిండితే అదే వాన వాగుల వెంట వెళ్లిపోతుంది, రెండు వారాలు చినుకు లేకపోతే పైరు వాడుతుంది. బోర్లున్నాయి కదా అనేవారున్నారు. బోరు నీటిని తోడుతుంది, ఇంకించదు. పొలాలకు నీరు పంచే నీరటి పని, ఏటేటా పూడికతీత సన్నగిల్లిన ఊళ్లలో బోర్ల లోతు పెరుగుతూ పోయింది. దేవాదుల నుంచి గోదావరి నీరు ఎత్తిపోసినా నిలిపేది మళ్లీ ఆ చెరువుల్లోనే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయించింది, మంచి పనే. కానీ పూడిక ఏటా చేరేది, శిఖం ఏటా కరిగేది. ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టం దాకా హద్దురాళ్లు పాతించి, ఆ హద్దును గ్రామసభే కాపాడుకోవాలి.