తాటిచెట్టును ఇంటిబట్టియు: తిరువూరు సీమ చరిత్ర

కడచిన వేసవిలో మా బంధువర్గములోని యొక యువకుడు హైదరాబాదునుండి తిరువూరునకు వచ్చి, తన సంచినుండి మెఱుగుపెట్టిన యుక్కుకుండ నొకదానిని తీసి మా బల్లమీద నుంచెను. అది నాలుగు లీటర్ల నీరు పట్టునది. అడుగున విద్యుత్తుతో వేడియగు పలక, పైన మూత, మూతప్రక్కనుండి వంగివచ్చు సన్నని గొట్టము. ఆవిరినుండి శుద్ధజలము దింపుకొనుటకై విక్రయింపబడు యంత్రమట. "తాతయ్యా, దీంతో ఇంట్లోనే సారా కాచుకోవచ్చట. మన కులవృత్తే గదా! మహాసభ సంచికలో దీని చరిత్ర వ్రాయకూడదా?" అని యతడు నవ్వుచు నడిగెను. మేము నవ్వలేకపోతిమి. కారణము మా యింటి చరిత్రలోనే యున్నది. దానిని యథాస్థానమున మనవి చేసికొందుము. బట్టి మన కులవృత్తి యగునా కాదా యను ప్రశ్నకు మాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మొదట శబ్దవిచారము. ఈడిగ శబ్దమునకు మూలము ఈడుట, అనగా చెట్టునుండి రసమును లాగుట యని 1909లో వెలువడిన థర్‌స్టన్, రంగాచారిగార్ల గ్రంథమునందు కలదు. గీతయన కత్తితో గెలను గీయుట. మోకు, ముస్తాదు, గీతకత్తి, లొట్టి — మన పనిముట్లలో నొక్కటియు పొయ్యిమీదికెక్కునది కాదు. కల్లు అగ్నిస్పర్శ లేక తనంత తానే పులియు పదార్థము. బట్టిపెట్టువానికి సంస్కృతమున శౌండికుడని పేరు. అమరకోశమున మండహారకుడనియు కలదు. శుండా శబ్దమునకు మద్యమనియు, ఏనుగు తొండమనియు నర్థములుండుటచేత, ఆ పేరు తొండమువంటి గొట్టమును సూచించునేమో యని కొందఱు తలంతురు. కల్యపాల శబ్దమునుండి కలాల్, కలాలీ యను పేర్లు వచ్చెనందురు. నేటి ప్రభుత్వపు పట్టికలో ఈడిగ, గౌడ, గమళ్ళ, కలాలీ, గౌండ్ల, శెట్టిబలిజ, శ్రీశయన నామములన్నియు నొక్కచోటనే చేరియున్నవి. పట్టికలో నొకటియైనంతమాత్రమున వృత్తు లన్నియు నొకటి కావు.

బట్టి మనదేశమున నెంత ప్రాచీనమైనది? పెషావరు ప్రాంతమున షైఖాన్ ఢేరీయందు బయల్పడిన మట్టిపాత్రలను పరిశీలించి, క్రీస్తుశకారంభమునకు అటునిటుగానే అచట బట్టిపెట్టుట కలదని ఆల్చిన్ పండితుడు 1979లో వాదించెను. ఆ వాద మందఱికి సమ్మతము కాలేదు. రసరత్నసముచ్చయమున వర్ణింపబడిన తిర్యక్పాతన యంత్రము మాత్రము నిస్సంశయముగా బట్టియే: రెండు కుండలు, నడుమ వంపుగొట్టము, ఒకదాని క్రింద నిప్పు, రెండవదానికి చన్నీరు. దాని ప్రధాన ప్రయోజనము పాదరసశోధనము.

శాసనచరిత్రమునకు మాత్రము కౌటిల్యుని అర్థశాస్త్రమే మూలకందము. శామశాస్త్రిగారు మైసూరున 1909లో ప్రకటించిన యా గ్రంథమున సురాధ్యక్షునికి ప్రత్యేకాధ్యాయము కలదు. సుర రాజుగారి సొత్తు. వేఱుచోట చేయుట, అమ్ముట దండ్యము. అయినను కుటుంబులు శుభకార్యములందు శ్వేతసురను, ఔషధార్థ మరిష్టమును తామే చేసికొనవచ్చును. ఉత్సవములకు, యాత్రలకు నాలుగు దినములు సెలవు కలదు. రాజపణ్యము కాని సరకుపై నూటికైదు శుల్కము. ఇది పులియబెట్టిన సురయో, బట్టిసారాయో పండితులు తేల్చుకొందురుగాక. ఇంటిపొయ్యికిని రాజకోశమునకును గల తగవు రెండువేల యేండ్ల నాటిదని మాత్రము దీనివలన తేలుచున్నది.

నిషేధము పొయ్యిని ఇంటిలోనికి తెచ్చుననుటకు బరనీ చరిత్రకారుడు సాక్షి. 1296 మొదలు 1316 వఱకు ఢిల్లీ నేలిన అల్లాయుద్దీన్ ఖిల్జీ మద్యమును కఠినముగా నిషేధించెను. జనులు రహస్యముగా ఇండ్లలో కాచుకొనసాగిరి. ఎన్ని శిక్షలకును లొంగకపోగా, తమ ఇంట తాము కాచి, అమ్మక, గోష్ఠి చేయక త్రాగువారి జోలికి పోవలదని సుల్తాను తుద కాజ్ఞాపించెను. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు నడచిన నిషేధము కథయు నిట్టిదే.

ఇక మన సీమకు వత్తము. కృష్ణాజిల్లాలో నుండి, 2022 ఏప్రిలు 4నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన తిరువూరు సరిహద్దు పట్టణము. ఉత్తరమున పెనుబల్లి, కల్లూరు. 1948 వఱకు అవి నైజామురాజ్యము; తరువాత హైదరాబాదు రాష్ట్రము; 1956నుండి రెండువైపులును ఆంధ్రప్రదేశ్; 2014 జూను 2నుండి తెలంగాణము. భూమి యొకటే, తాళ్ళు నొకటే, చుట్టరికములు నొకటే. ఆబ్కారీ శాసనములు మాత్రము వేఱు.

చెన్నపురి ప్రభుత్వము 1886లో ఆబ్కారీ శాసనము చేసెను. అంతకుముందు పాటదారులు ఊరూర తమ బట్టీలను తామే నడుపుచుండిరి. క్రమముగా ఆ చిన్నబట్టీలను మాన్పించి, పెద్ద కర్మాగారములనుండియే సారాను పంచు పద్ధతి వచ్చెను. సామర్లకోటలోని డెక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ అట్టిది. గీతవానికి చెట్టుపన్ను మిగిలెను. కావున ఊరిబట్టి నేరమైనది త్రాగుడు పాపమనుటచే కాదు, రాబడి పోవుననుటచేత. ఇది మన యువకులు గుర్తింపవలసిన మొదటి విషయము.

రెండవది మద్యనిషేధము. రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో దీనిని మొదలిడెను. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు సోకెను. యుద్ధకాలమున సడలి, స్వాతంత్ర్యానంతరము 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతయు వ్యాపించెను. గాంధీమహాత్ముని యాశయము నుత్తమమే. కాని ఆ శాసనము సారాను, కల్లును ఒకే గాటకట్టెను. సారాపాటదారు మఱియొక వ్యాపారము చూచుకొనెను. తాడిగీయువాడు ఏమి చేయును?

ఇక మా యింటి మాట. మా తాతగారు తిరువూరునకు కొన్ని క్రోసుల దూరమున తాళ్ళు గీసినవారు. నిషేధము రాగానే మోకును ముస్తాదును అటకపై నుంచిరి. పొలముగట్టున తన తాళ్ళే నిలిచియుండగా వానిపై చేయివేయరాదు; సరిహద్దు దాటినచో వియ్యంకుని తాళ్ళు కుండలు నింపుచుండెను. ఒకటి రెండేండ్లు కూలికి పోయిరి. పిదప మా యింటను కుండ పొయ్యియెక్కినది. దీనిని దాచుట చరిత్ర వ్రాయువానికి తగదు. మేము ఆఱేడేండ్ల బాలురమై యుండగా, అనగా నిషేధపు తుదిదినములలో, మా నాయనమ్మ ఆ కుండను గడ్డివామిలో దాచుట కన్నులార చూచితిమి. నల్లబెల్లము, తుమ్మచెక్క పులిసిన ఊటవాసన నేటికిని మా ముక్కున నున్నది. అడుగున ఊటకుండ, దానిపై బోర్లించిన కుండ, పైన చన్నీరు; చల్లదనము తగిలి ఆవిరి చుక్కలై గొట్టమున జాఱుచుండెను. ఒక తెల్లవాఱుజామున జవానులు వచ్చి కుండలు పగులగొట్టి తాతగారిని తీసికొనిపోయిరి. ఆయన తిరిగివచ్చినపిమ్మట ఆ మాట యెత్తనిచ్చెడివారు కారు. "చెట్టెక్కినన్నాళ్ళు తలెత్తుకు తిరిగానురా" అని మాత్రము ఒకమాఱనిరి.

ఇది మా యొక్కరి కథ కాదు. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడిన పిదప గీతకార్మికుల గోడు శాసనసభను కుదిపెను. నిషేధమును విచారించిన రామమూర్తి సంఘము దాని నెత్తివేయుటయే మేలనెను. గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షమున సత్యాగ్రహము నడపిరి. 1954 నవంబరు 6న ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. తాటిచెట్టు కూల్చిన ప్రభుత్వ మదియని పెద్దలు చెప్పుకొనుట కలదు. 1956లో రాష్ట్రములు కలిసినను తెలంగాణమున విక్రయము, ఆంధ్రమున నిషేధము యథాప్రకారము నడచినవి. ఆ పండ్రెండేండ్లును ఒకే రాష్ట్రములో సగము తడి, సగము పొడి. ఆ రెంటి నడిమి గట్టు మన తిరువూరు. 1968 నాటి ఎక్సైజు శాసనము పిదప నిషేధము సడలి, మన చెట్లు మరల మనవైనవి.

కాని చెట్టుతోపాటు సారాయు వచ్చెను. ప్రభుత్వమే వారుణివాహిని పేరిట పొట్లములలో సారాను అమ్మించిన కాలమును మనలో నడివయసువారెఱుగుదురు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో లేచినప్పుడు వారు తిరుగబడినది ఆ పొట్లముపై. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణనిషేధము వచ్చి 1997లో సడలెను.

ఆ రెండేండ్లలో మేమొక పాఠశాలలో తెలుగు, సంస్కృతములు చెప్పుచుంటిమి. ఎనిమిదవ తరగతి బాలుడొకడు పదిదినములు రాక, మోచేయివఱకు గుడ్డ చుట్టుకొని వచ్చెను. "ఏమిరా, చేతికేమయింది?" అని యడిగితిమి. "గంజి ఒలికిందండీ, మేస్టారూ" అనెను. సాయంకాలము తరగతి ఖాళీయైన పిదప నిజము చెప్పెను. రాత్రులందు వాడే పొయ్యి యెగదోయుచుండెనట. గొట్టము నోట వెలువడిన యావిరి దీపమునకు తగిలి భగ్గుమనెను. వాని చేతిలో మాకు మా తాతగారి కుండ కనబడినది.

యువకులకు పదార్థశాస్త్రమునుగూర్చి రెండు మాటలు. నీరు 100 డిగ్రీలయొద్ద మరుగును. మద్యసారము 78 డిగ్రీలయొద్దనే. ఈ భేదమే బట్టికి ప్రాణము. ఆ యావిరి నిప్పు సోకిన మండును. విషమైన మిథనాలు 65 డిగ్రీలయొద్ద మరుగును గాన తొలిచుక్కలు పారబోసిన చాలునను నమ్మకము కలదు. అది పూర్తిగా నిజము కాదు. ఈ రెండును కలిసియే దిగుచుండును. బెల్లపు ఊటలో మిథనాలు స్వల్పమే. పరిశ్రమల మిథనాలును ఎవడైన కలిపినప్పుడే కన్నులు పోవుట, ప్రాణములు పోవుట విశేషముగా సంభవించును. అతుకులలోని సీసము సారాలోనికి దిగుట మఱియొక యపాయము. న్యూజీలాండులో 1996నుండి తమ వాడుకకు ఇంట కాచుకొనుట చట్టసమ్మతము. మన రాష్ట్రమున లైసెన్సు లేక కాచుటయే కాదు, అందుకై సాధనము నుంచుకొనుటయు నేరమే. బల్లమీది కుండ మెఱయుచున్నదని చట్టము కన్నుమూయదు. ఉద్యోగస్థుడు పట్టుబడిన వాని కొలువు పోవును. అపకీర్తి మాత్రము కులమునకు వచ్చును.

కావున మా సిద్ధాంతమిది. చెట్టు మన వృత్తి. ఇంటిబట్టి మన వృత్తికాదు. చెట్టు మూసిన ప్రతిమాఱును అది మన యిండ్లలోనికి వచ్చినది. ఆకలిచే కాచినవారిని మేము నిందింపము; వారిలో మా తాతగారును కలరు. వారి కష్టమును కులవిద్యయని కీర్తింపను కీర్తింపము. కీర్తింపదగినది మఱియొకటి కలదు: నూఱడుగుల తాటిపై మోకు నమ్ముకొని నిలిచిన కాలు, గెల చీలకుండ గీయు చేయి. గీత సహకారసంఘములును, గీతవానికే చెట్టను పద్ధతియు ఆ చేతిని నిలుపుటకే వచ్చినవి. పులియని నీరాపై పందిరిమామిడి పరిశోధనాస్థానమున కృషి జరుగుచున్నది. హైదరాబాదున 2023లో నీరా విక్రయశాల వెలసినది. మన పిల్లల బుద్ధికుశలతకు అచట చోటున్నది. చెట్టెక్కగల వృద్ధులు తిరువూరు చుట్టుపట్ల ఇంకను కలరు. వారి పనిముట్ల పేర్లను, గీతపద్ధతులను వచ్చు సంవత్సరము లోపల వ్రాయించి భద్రపఱుపుడని సభవారిని ప్రార్థించుచున్నాము.

ఆ యువకునికి ఇదియంతయు చెప్పితిమి. అతడు కొంతసేపు మాటాడక, "తాతగారి మాట ఇంట్లో ఎవరూ చెప్పలేదు, తాతయ్యా" అని, కుండను మా యింటనే విడిచి పోయెను. నేడది విద్యుత్తు పోయినప్పుడు దీపము లిచ్చు బ్యాటరీకి కావలసిన నీటిని దింపుచున్నది.

శమ్.