ముక్కుకొన చెప్పిన కంటి సంగతి

ఆటలమ్మ పోసిన పిల్లలకు సాధారణముగా కంటికి హాని కలుగదు. రెప్పపై లేచిన పొక్కులు తామే మానిపోవును. అందుచే నుదుటిపై లేచి కంటికి ముప్పు తెచ్చు సర్పికిని దీనికిని చుట్టరికము గలదని చాలకాలము వైద్యులకు తోచలేదు.

1860లలో లండను వైద్యుడు జోనాథన్ హచిన్సన్ సర్పి రోగులను పరిశీలించి, ముక్కుకొనపై పొక్కులు లేచినచో కన్నుకూడ చెడు అవకాశ మెక్కువని కనిపెట్టెను. ముక్కుకొనకును కనుగ్రుడ్డునకును స్పర్శజ్ఞానము నొసగునది ఒకే నాడీశాఖ! వైరస్ అనగా నేమో నేటి అర్థములో తెలియని ఆ రోజులలో కేవలము కంటితో చూచి పట్టిన సూచన యిది. నేటికిని వైద్యులు దీనిని వాడుచున్నారు.

ఆ శతాబ్ది చివర బుడాపెస్టు వైద్యుడు బోకాయ్, సర్పి రోగులున్న ఇండ్లలో పిల్లలకు ఆటలమ్మ వచ్చుట గమనించి, రెండింటి మూలమొకటేయని శంకించెను. 1950లలో అమెరికాలో థామస్ వెల్లర్ ఆ వైరస్‌ను ప్రయోగశాలలో పెంచి ఈ శంకను నిజము చేసెను. ఆటలమ్మ తగ్గినను వైరస్ నాడుల మూలములలో దాగి, ఏండ్ల తరువాత సర్పిగా లేచును.

1971లో జపానులో ఉరాయామా, నేత్రపటలము వేగముగా నశించు అరుదైన వ్యాధిని వర్ణించెను. పెక్కుమందిలో దీనికి కారణము ఈ వైరసేయని 1980లలో తేలినది. ఆటలమ్మ తగ్గిన కొలదివారములకే యిది సోకిన సందర్భములును కలవు. వెంటనే ఎసిక్లోవిర్ వంటి మందు లిచ్చినచో రెండవ కన్ను చాలవరకు దక్కును.