కర్నూలు గుహలలో గిట్టల జంతువులు

1833లో దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమున ఛార్లెస్ డార్విన్ ఒక పెద్ద పుర్రెను పదునెనిమిది పెన్నీలకు కొనెను. 1837లో రిచర్డ్ ఓవెన్ ఆ జంతువునకు టాక్సోడాన్ అని పేరిడెను. ఖడ్గమృగమంత దేహము గల ఈ గిట్టల జంతువు ఏ కుటుంబమునకు చెందినదో చాలకాలము తేలలేదు. 2015లో ఎముకలోని కొల్లాజెన్ అను మాంసకృత్తును పరీక్షింపగా, ఇది గుర్రములకును ఖడ్గమృగములకును దగ్గరి చుట్టమని తెలిసినది.

ఇటువంటి సమస్య ఆంధ్రదేశమునను ఎదురైనది. బేతంచెర్ల సమీపమున బిల్లసర్గం అను సున్నపురాతి గుహలు కలవు. అందలి ఎముకలను గూర్చి 1844లో న్యూబోల్డ్ అను సైనికాధికారి వ్రాసెను. నలుబది యేండ్ల తరువాత, హక్స్లీ ప్రేరణమున, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ ఈ పనిని భూగర్భశాస్త్రజ్ఞుడగు రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు అప్పగించెను. ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ త్రవ్వకములు సాగించెను. దొరికిన ఎముకలను 1886లో రిచర్డ్ లైడెక్కర్ వర్ణించెను.

విరిగిన ఎముకను బట్టి జంతువును గుర్తించుట ఎట్లు? ఇందుకు పళ్ళే ముఖ్యాధారము. పంటిపై నుండు పింగాణి పొర శరీరమున అన్నిటికంటె గట్టిది. గడ్డి మేయు గుర్రము పన్ను పొడవైనది. పంది దవడపన్ను బుడిపెలతో నుండును. ఖడ్గమృగము పంటిపై గట్లవంటి మడతలుండును. ఇట్టి పోలికలు చూచియే లైడెక్కర్ ఒక ఖడ్గమృగమునకును, ఒక పందికిని కర్నూలు పేరు మీదుగా ‘కర్నూలియెన్సిస్’ అని నామకరణము చేసెను.

అయితే ఆకారము పేరును తెలుపును గాని వయస్సును తెలుపదు. సాధారణముగా క్రింది పొర పాతది, పై పొర క్రొత్తది. కాని గుహలో వాననీరు, బొరియలు త్రవ్వు జంతువులు పొరలను కలిపివేయవచ్చును. కావున మట్టినే ప్రశ్నింపవలెను. స్ఫటికపు ఇసుకరేణువు చీకటిలో పూడియున్నంతకాలము చుట్టునున్న రేడియోధార్మిక శక్తిని కూడబెట్టుకొనును. ప్రయోగశాలలో కాంతి సోకించినచో ఆ శక్తి వెలుగై వెడలును. ఆ వెలుగును కొలిచి, రేణువు తుదిసారి ఎండను చూచినదెప్పుడో లెక్కింతురు.

బిల్లసర్గములో తిరిగి త్రవ్వి, ఈ పద్ధతిని వాడిన పరిశోధకులు 2014లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ పొరల చరిత్ర సుమారు 2,00,000 సంవత్సరములు. వాటిలో గుర్తించిన 21 రకముల క్షీరదములలో 20 భారత ఉపఖండమున నిలిచియే యుండెను. పూర్తిగా పోయినది థెరోపితెకస్ అను కోతి యొక్కటియే. దాని బంధువు గెలాడా నేడు ఇథియోపియాలో జీవించుచున్నది. దక్షిణ అమెరికాలో టాక్సోడాన్ వంశమంతయు అంతరించిపోగా, ఇచ్చట ఇన్ని జాతులు ఋతుపవనముల మార్పులను, మానవుని రాకను తట్టుకొనినవి.

అట్లని అవి ఎల్లచోట్లను మిగిలినవని కాదు. ఖడ్గమృగము కర్నూలున నేడు కానరాదు; మన దేశమున దాని ముఖ్యనివాసము అస్సాము. రెండు లక్షల ఏండ్లు నిలిచిన జాతులను ఇకపై నిలుపుట మానవుని చేతిలోనున్నది.