టీనెక్ బడుల్లో జాతి వేర్పాటు తొలగింపు

టీనెక్ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరం నుంచి హడ్సన్ నది దాటితే చేరువలోనే ఉన్న శివారు పట్టణం. తెల్లవారు అధికసంఖ్యలో ఉన్న ఈ ఊరు 1964–65లో, ఏ న్యాయస్థానమూ ఆదేశించకుండానే, నల్లజాతి పిల్లల్నీ తెల్లజాతి పిల్లల్నీ ఒకే బడిలో చదివించాలని నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని ఓటుతో నిలబెట్టుకుంది. అలా చేసిన తొలి అమెరికన్ పట్టణంగా దీన్ని చెబుతారు.

1931లో జార్జ్ వాషింగ్టన్ వంతెన తెరిచాక నగరంలో కొలువులు చేసే కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. 1949లో అమెరికా సైన్యం టీనెక్‌ను ఆదర్శ పట్టణంగా ఎంచుకుని, ఇక్కడి జీవితాన్ని ఆక్రమిత జపాన్‌లో ఫొటోల ద్వారా చూపించింది. అప్పటికి ఊళ్లో దాదాపు అందరూ తెల్లవారే. తరువాతి దశాబ్దంలో నల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు రాసాగాయి. ఇళ్ల దళారులు వారికి ఈశాన్యపు పేటలోనే ఇళ్లు చూపేవారు; ఆ వీధుల్లోని తెల్లవారిని ధరలు పడిపోతాయని బెదరగొట్టి అమ్మించేవారు. పిల్లలు ఇంటి దగ్గరి బడికే వెళ్లే పద్ధతి కాబట్టి, అక్కడి బ్రయంట్ బడిలో నల్లపిల్లల సంఖ్య పెరుగుతూ పోయింది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పు బడుల్లో చట్టం విధించిన వేర్పాటును కొట్టేసింది. ఇళ్ల క్రయవిక్రయాలు పెట్టిన ఈ వేర్పాటును మాత్రం అది కదిలించలేదు.

టీనెక్ బడుల సూపరింటెండెంట్ హార్వీ స్క్రిబ్నర్ ప్రతిపాదన సూటిగా ఉంది: బ్రయంట్‌ను ఊరంతటికీ ఒకే ఆరో తరగతి బడిగా మార్చాలి, అక్కడి చిన్న తరగతుల పిల్లల్ని మిగతా బడులకు సర్దాలి. ఇందులోని అసలు విశేషం ప్రయాణం ఎవరిదన్నదే. అమెరికాలో ఇలాంటి పథకాలు చాలాచోట్ల నల్లపిల్లల్నే బస్సెక్కించాయి. టీనెక్‌లో తెల్లపిల్లలు కూడా నల్లవారి పేటకు రావలసి వచ్చింది. భారం సమానమని అనలేం, చిన్నపిల్లలు ఇల్లు దాటి పోవలసిన పేట అదొక్కటే. అయినా ఒక్క పక్షమే మోయాలన్న పాత లెక్క ఇక్కడ చెల్లలేదు.

వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. ‘మా పేట బడి మాకే ఉండాలి’ అన్న నినాదం చుట్టూ తల్లిదండ్రులు ఏకమయ్యారు. సభలు వాగ్వాదాలతో నడిచాయి. సమైక్యత పక్షాన నిలిచినవారిలో థియోడోరా లేసీ ఒకరు. మాంట్‌గొమరీలో నల్లవారు బస్సుల్లోని వేర్పాటుకు వ్యతిరేకంగా నడిపిన బస్సు బహిష్కరణ ఉద్యమాన్ని దగ్గరుండి చూసి, అందులో పనిచేసి వచ్చిన ఉపాధ్యాయిని ఆమె. 1964లో విద్యామండలి ప్రతిపాదనను ఆమోదించింది, ఆ ఏడే కొత్త ఆరో తరగతి బడి మొదలైంది. 1965 మండలి ఎన్నికల్లో ఓటర్లు సమైక్యతను సమర్థించిన అభ్యర్థుల్నే గెలిపించారు. మండలి ఓటు కన్నా ఇదే గట్టి పరీక్ష: రహస్య బ్యాలెట్‌లో తెల్ల ఓటరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

ఈ పోరాటంపై రెజినాల్డ్ డామెరెల్ రాసిన పుస్తకం 1968లో వెలువడింది. స్క్రిబ్నర్ 1970లో న్యూయార్క్ నగర పాఠశాలల చాన్సలర్ అయ్యాడు. ఇళ్ల విషయంలో వివక్ష మాత్రం బడి నిర్ణయంతో పోలేదు. 1990లో ఒక తెల్ల పోలీసు అధికారి తూటాకు నల్లజాతి కుర్రవాడు బలైనప్పుడు ఊరు మళ్లీ రెండుగా చీలింది. లేసీ పేరు ఇప్పుడు టీనెక్‌లోని ఒక బడికి ఉంది.