అనంత కళాయాత్ర: హేమావతి రాయి నుంచి నిమ్మలకుంట తోలు దాకా

అనంతపురం పీఠభూమిలో కళ ఒక్క భవనంలో కొలువై లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టంగా పడే ఈ సీమలో వెయ్యేళ్లకు పైబడిన శిల్పం, ఐదు వందల ఏళ్ల నాటి చిత్రలేఖనం, నేటికీ చేతులు ఆడుతున్న తోలుబొమ్మల కళ వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి. అవి పుట్టిన క్రమంలోనే చూడాలనుకుంటే హేమావతితో మొదలుపెట్టి తాడిపత్రి, లేపాక్షి, పెనుకొండల మీదుగా ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంటకు చేరుకోవాలి. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక వీటిలో తాడిపత్రి ఒక్కటే అనంతపురం జిల్లాలో మిగిలింది. అయినా ఇవన్నీ ఒకే సీమ కళాచరిత్రలోని ఘట్టాలు. ఒకదాన్ని వదిలేసి ఇంకొకటి చూస్తే కథ సగమే తెలుస్తుంది.

హేమావతి ఇప్పుడు కర్ణాటక సరిహద్దులో, అమరాపురం మండలంలో ఉన్న ఒక పల్లె. తొమ్మిది, పది శతాబ్దాల్లో దాని పేరు హెంజేరు. నొళంబవాడిని ఏలిన నొళంబ రాజుల రాజధాని. నొళంబులు తమను పల్లవ వంశీకులుగా చెప్పుకున్నారు. ఒకవైపు తలకాడు గంగులు, ఇంకోవైపు రాష్ట్రకూటులు, బాణులు, వీళ్లందరి నడుమ నిలదొక్కుకుంటూ వచ్చిన చిన్న రాజ్యం అది. రాజ్యం చిన్నదే గానీ, దాని శిల్పులు నల్లరాతిని మలచిన తీరు దక్కనులో మరెక్కడా అంత నాజూకుగా కనిపించదు. దొడ్డేశ్వరాలయం మండపంలో స్తంభాల నునుపు మీద వేలు జారుతుంది. గోడల్లో అమర్చిన రాతి కిటికీలను చూస్తే ఆ శిల్పుల ఓపిక తెలుస్తుంది. చుట్టలు చుట్టుకున్న తీగల మధ్య దేవతామూర్తులు నిలబడతారు, ఆ తీగల సందుల్లోంచే గర్భాలయం వైపు వెలుతురు వడగట్టినట్టు వస్తుంది. బొమ్మ, జాలీ, వెలుతురు దారి, మూడూ ఒకే రాతిలో. పక్కనే సిద్ధేశ్వరాలయంలో శివుడికి లింగరూపం లేదు, మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. చూడవచ్చిన వాళ్లలో చాలామందికి ముందు ఆశ్చర్యం కలిగించేది అదే.

పదో శతాబ్దం చివరిభాగంలో గంగరాజు మారసింహుడు ‘నొళంబకులాంతకుడు’ అనే బిరుదు ధరించాడు. ఆ పేరే ఆ రాజ్యం ఎలా ముగిసిందో చెబుతుంది. ఆ తర్వాత చోళులు వచ్చారు. గెలిచిన సీమ నుంచి శిల్పాలను మోసుకుపోవడం ఆనాటి విజేతలకు అలవాటు. కావేరి ఒడ్డున తిరువైయారు ఆలయంలో నొళంబ శైలి స్తంభాలు వరసగా కనిపిస్తాయి. చోళసేనలు వాటిని విజయచిహ్నాలుగా తరలించాయని కళాచరిత్రకారులు గుర్తించారు. అంత దూరం రాతిస్తంభాలను మోయించారంటే శత్రువుల కంటికి కూడా ఆ పనితనం ఎంత విలువైనదిగా తోచిందో ఊహించవచ్చు. ఆంగ్లేయుల కాలంలో రెండో తరలింపు జరిగింది. 1851లో మొదలైన మద్రాసు మ్యూజియానికి హేమావతి శిల్పాలు కొన్ని చేరాయి, నేటికీ అక్కడే ఉన్నాయి. కళాచరిత్రకారుడు డగ్లస్ బారెట్ 1958లో హేమావతి మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశాకే ఈ ఊరు పేరు ప్రపంచ కళాచరిత్ర పుస్తకాల్లో గట్టిగా వినపడసాగింది. నొళంబ శిల్పాన్ని పూర్తిగా చూడాలంటే ఇప్పటికీ హేమావతి, చెన్నై, తిరువైయారు మూడూ తిరగాలి.

తాడిపత్రి దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదని కాదు గానీ, అక్కడి విషయం సూటిగా చెప్పవచ్చు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఈ ఊళ్లో రెండు గుళ్లు కట్టించారు: పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్లో చింతల వేంకటరమణస్వామి ఆలయం. మొదటిదాని గోపురాలు పైదాకా పూర్తి కాలేదు. పూర్తికాని ఆ గోపురాలే దాని గొప్పతనం. దక్షిణాది గోపురాల్లో మామూలుగా కింది రాతిభాగాన్ని కాస్త సాదాగా వదిలి, పైన ఇటుక, గచ్చు బొమ్మలతో నింపుతారు. ఇక్కడ శిల్పులు కింది రాతిభాగాన్నే అంగుళం వదలకుండా చెక్కారు. 1868లో ఎడ్మండ్ డేవిడ్ లయన్ కెమెరాతో వచ్చి ఈ గోపురాల ఫోటోలు తీశాడు. వాటి ఆధారంగా జేమ్స్ ఫెర్గుసన్ తాడిపత్రి గురించి మెచ్చుకుంటూ రాసి, 1876 నాటి తన భారతీయ వాస్తు చరిత్రలోనూ దీనికి చోటిచ్చాడు. యూరప్ పాఠకులకు ఈ కరువుసీమ శిల్పం మొదట కనిపించింది కాగితం మీదే.

లేపాక్షి సంగతి వేరు. ఇక్కడ నిదానంగా నడవాలి.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, తాబేలు వీపులాంటి కూర్మశైలం అనే రాతిగుట్ట మీద వీరభద్రాలయం ఉంది. అచ్యుతదేవరాయలు (1529–1542) ఏలుబడిలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని విస్తరింపజేశారు. పునాది తవ్వాల్సిన పని లేని చోటు; గుట్టే పునాది, గుట్టే గని. ఊరి మొదట్లోనే ఒకే బండను మలచిన నంది కనిపిస్తుంది, 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. గుడి వెనక ఏడుపడగల నాగలింగం. లోపల నాట్యమండపంలో మధ్యభాగపు స్తంభాల మీద ఒక కచేరీ నడుస్తుంది: రంభ ఆడుతుంది, బ్రహ్మ మృదంగం వాయిస్తాడు, తుంబురుడు వీణ పట్టుకుంటాడు, మూడుకాళ్ల భృంగి అడుగులు నేర్పుతాడు. పైన శతదళ పద్మం. ఈ స్తంభాల మధ్య నిలబడిన మనిషి, వద్దన్నా, ఆ కచేరీలో ఒకడైపోతాడు.

అయితే చాలామంది సందర్శకులు ఈశాన్యమూలన ఉన్న వేలాడే స్తంభం దగ్గరే ఆగిపోతారు. గైడ్లు తువ్వాలునో, కాగితాన్నో దాని కిందినుంచి లాగి చూపిస్తారు. విరూపణ్ణ రాజద్రోహ నిందకు తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని, ఆ ఎర్రమరకలు ఇవేనని కథ చెబుతారు. ఆ కథ వినదగిందే, తరతరాలుగా సీమ నోట్లో నలిగిందే. కానీ లేపాక్షిలో అసలు చూడాల్సింది తలెత్తితే కనిపిస్తుంది. మండపాల పైకప్పు మొత్తం బొమ్మలే.

రాతి పైకప్పు మీద సున్నపు గచ్చు పూత వేసి, ఆ పూత మీద బొమ్మలు గీశారు. రంగులు కొద్ది: జేగురు ఎరుపు, పసుపు, సున్నపు తెలుపు, మసి నలుపు, మట్టి ఆకుపచ్చ. వెలుగునీడల నిమ్నోన్నతాలు లేవు. చదునైన రంగు, దాని చుట్టూ నల్లటి గట్టి గీత. మనుషులు ఎక్కువగా పక్కముఖంతో కనిపిస్తారు: సూదిముక్కు, పెద్ద కన్ను, వెనకకో పక్కకో దిగిన పెద్ద కొప్పు. అర్ధమండపం పైకప్పంతా ఆక్రమించిన వీరభద్రుడి బొమ్మ ఈ శైలిలో ఎంత పెద్దదనం సాధ్యమో చూపిస్తుంది. ఆయన పాదాల దగ్గర విరూపణ్ణ, వీరణ్ణ పొడుగు కుళ్లాయిలతో, పరివారంతో నిలబడి ఉంటారు. గుడి కట్టించినవాళ్లు దేవుడి కంటే ఎంత చిన్నగా ఉండాలో చిత్రకారుడికి బాగా తెలుసు.

నాట్యమండపంలో కథలు పట్టీలుగా సాగుతాయి: పార్వతీపరిణయం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, రామపట్టాభిషేకం, దూడను పోగొట్టుకున్న ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ, మర్రాకు మీది బాలకృష్ణుడు. వీటిలో కిరాతార్జునీయంలోని అడవిపంది బొమ్మ దగ్గర కాసేపు నిలవాలి. వేటకుక్కలు, విల్లెత్తిన వేటగాళ్ల మధ్య దూసుకొచ్చే ఆ పంది వెన్నుగీతలోనే పరుగు ఉంది. గట్టిగీతతో కదలిక చూపించడం చాలా కష్టమైన విద్య.

ఇంకో విషయం చీరలు. పార్వతి చెలికత్తెలు, రాణులు కట్టిన ఒక్కో చీరకు ఒక్కో నమూనా: గళ్లు, చారలు, పూలు, హంసలు. విజయనగర కాలపు బట్టల డిజైన్లను ఇంత విపులంగా చూపే చోటు తెలుగునేల మీద మరొకటి లేదు. బయట లతామండపం స్తంభాల మీద కూడా తీగలు, పూలు ఒక్కో స్తంభానికి ఒక్కో వరసలో మారుతూ పోతాయి. ధర్మవరం పట్టుచీరల నేతవాళ్లు తమ అంచులకు లేపాక్షిని మూలంగా చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ తన దుకాణాలకు ‘లేపాక్షి’ అనే పేరే పెట్టుకుంది.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర కొలువును పెనుకొండకు మార్చాడు. అక్కడి గగన్ మహల్ చూస్తే హిందూ, ఇస్లామీ వాస్తురీతులు ఒకే కట్టడంలో కలిసిన తీరు తెలుస్తుంది. లేపాక్షికి రాజుల అండ ఆ తర్వాత తగ్గింది. కళ్యాణమండపం ఇప్పటికీ స్తంభాలే తప్ప కప్పు లేకుండా మిగిలింది. చిత్రాలకు హాని చేసింది వానే. కరువుసీమలో అరుదుగా పడినా, పడినప్పుడు పైకప్పు సందుల్లోంచి దిగిన నీరు గచ్చును ఊడదీసింది; గబ్బిలాలు, దీపాల పొగ మిగతా పని చేశాయి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సంరక్షణలోకి వచ్చాక శుభ్రం చేయడం, ఊడిన పూతను అతికించడం సాగుతున్నాయి. ఎ. గోపాలరావు 1969లో లేపాక్షి మీద వెలువరించిన గ్రంథం ఈ చిత్రాల పరిచయానికి మంచి తోవ చూపింది. 2022లో వీరభద్రాలయం, ఏకశిలా నంది కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

హేమావతి రాళ్లు మోయగలిగినవి కాబట్టి ఎన్నో వెళ్లిపోయాయి. లేపాక్షి బొమ్మలు పైకప్పుకు అంటుకున్నవి కాబట్టి మిగిలాయి. కానీ ఆ గీత మాత్రం కదిలింది. అది ఎక్కడికి వెళ్లిందో చూడాలంటే ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు వెళ్లాలి. ఈ ఊళ్లోని తోలుబొమ్మల కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడతాయి, ఆటలో తెలుగు. తరాల కిందట మరాఠీ సీమ నుంచి వచ్చి రాయలసీమ ఊళ్లలో ఆటలాడుతూ స్థిరపడినవాళ్లు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కండా గీకేసి, వెలుతురు పారేలా పలచగా చేసి, బిగించి ఆరబెడతారు. దాని మీద బొమ్మ గీసి, నగలూ అంచులూ ఉన్నచోట ఉలితో చిన్నచిన్న చిల్లులు కొడతారు. రెండువైపులా రంగు వేస్తారు. తెర వెనక దీపం పెట్టినప్పుడు ఆ చిల్లులు సీతమ్మ మెడలో నగలవుతాయి. పక్కముఖం, పెద్ద కన్ను, నల్లటి గట్టి గీత, గళ్ల చీర: లేపాక్షి పైకప్పు చూసి వచ్చినవాళ్లు ఈ పోలికను కనిపెట్టకుండా ఉండలేరు.

ఆట రాత్రంతా నడిచేది. కుటుంబంలో మగవాళ్లు బొమ్మలు ఆడిస్తే, ఆడవాళ్లు స్త్రీపాత్రల మాటలు చెప్పి పాడేవాళ్లు. రామాయణ, భారత కథల మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేవాళ్లు. వానలు ముఖం చాటేసిన ఏడాది వాన కోసం విరాటపర్వం పెట్టించడం ఊళ్ల ఆచారం. కరువు ఈ కళకు పోషకురాలు కూడా అయింది. సినిమా వచ్చాక ఆటలు తగ్గాయి. బొమ్మలవాళ్లు అదే తోలుతో దీపాల గొడుగులు, గోడకు తగిలించే పటాలు చేయడం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020లో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది.

నిమ్మలకుంటలో చూడటానికి టిక్కెట్టు లేదు, గాజు బీరువాలు లేవు. ఇంటి వసారాలో చాప మీద తోలు పరిచి, ఉలి పట్టుకుని చేసేవాళ్లు పనిలో ఉంటారు. అడిగితే పెట్టెలోంచి రావణుడిని తీసి, పది తలలూ విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూపిస్తారు.